బ్యాంకు చిల్లర సంచిలో వెండి రూపాయి దొరుకుతుందా?

ఈ తరహా రీల్ మీ ఫోన్లోనూ వచ్చే ఉంటుంది. అమెరికాలో ఒకాయన బ్యాంకుకు వెళ్లి డబ్బాడు నాణేలు తెచ్చుకుంటాడు. కాగితం చుట్టిన రోల్స్ ఒక్కొక్కటీ విప్పి బల్ల మీద పోస్తాడు. వేళ్లతో అటూ ఇటూ కదుపుతూ, ఉన్నట్టుండి ఒకటి పైకెత్తి చూపిస్తాడు. 1964 నాటి అర డాలర్, తొంభై శాతం వెండి! ముఖ విలువ యాభై సెంట్లే, కరిగిస్తే వచ్చే వెండి విలువ దానికి ఎన్నో రెట్లు. మిగతావి మళ్లీ బ్యాంకులో కట్టేస్తాడు. పెట్టుబడి పోదు, దొరికింది లాభం.

వెండి ధర వార్తల్లోకెక్కినప్పుడల్లా ఈ వీడియోలు తెలుగు వ్యాఖ్యానంతో మళ్లీ తిరుగుతాయి. వెంటనే ఒక ప్రశ్న కూడా వస్తుంది: ఇదే పని మన దగ్గర చేస్తే? అనకాపల్లి జిల్లా దేవరాపల్లి లాంటి మండల కేంద్రంలో బ్యాంకుకు వెళ్లి, రెండు వేల రూపాయలకు చిల్లర అడిగి తెచ్చుకుని, ఇంట్లో చాప మీద పోసి వెతికితే ఏమైనా దొరుకుతుందా?

జవాబు ముందే చెప్పేస్తాను. దొరకదు. దురదృష్టం వల్ల కాదు, ఆ సంచిలోకి వెండి రాకుండా ప్రభుత్వం దాదాపు ఎనభై ఏళ్ల కిందటే దారి మూసేసింది కాబట్టి. అయితే బ్యాంకుకు వెళ్లి చిల్లర అడగడం మాత్రం తప్పు పని కాదు. అది మీ హక్కు. ఆ హక్కు గురించి తెలియకపోవడం వల్ల మన ఊళ్లలో చిన్న వ్యాపారులు పోగొట్టుకుంటున్నది, వెండి వెతికి సంపాదించాలనుకునే దాని కన్నా ఎక్కువే. మరో విషయం. వెండి రూపాయి బ్యాంకులో లేకపోయినా మీ ఇంట్లోనే ఉండే అవకాశం ఉంది. దాన్ని మీ చేతిలోంచి లాక్కోవడానికి ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లూ ఉన్నారు.

అమెరికాలో ఎందుకు దొరుకుతుంది?

అక్కడ 1964 వరకు పది సెంట్లు, పాతిక సెంట్లు, యాభై సెంట్ల నాణేలను తొంభై శాతం వెండితో ముద్రించారు. 1965 నాణేల చట్టంతో పది, పాతిక సెంట్ల నాణేల్లో వెండిని పూర్తిగా తీసేశారు. అర డాలర్‌లో మాత్రం 1970 వరకు నలభై శాతం ఉంచారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కొత్త నాణేలు వచ్చాయి కానీ పాతవి చెల్లవని ఎవరూ ప్రకటించలేదు. 1964 నాటి అర డాలర్ ఈ రోజుకీ అక్కడ యాభై సెంట్లుగా చెల్లుతుంది.

మంచి లోహం ఉన్న నాణెం, తక్కువ లోహం ఉన్న నాణెం ఒకే ధరకు చెల్లుతుంటే జనం మంచిదాన్ని దాచుకుని తక్కువదాన్ని ఖర్చు పెడతారు. ఆర్థికశాస్త్రంలో దీన్ని గ్రెషామ్ సూత్రం అంటారు. మన అమ్మమ్మలకు ఆ పేరు తెలియకపోయినా సంగతి బాగా తెలుసు. అమెరికన్లూ అలాగే దాచుకున్నారు. కానీ దాచినవాళ్లు చనిపోతారు. మనవళ్లు సీసాడు చిల్లర తీసుకెళ్లి, చూడకుండానే బ్యాంకులో పోసేస్తారు. అలా తప్పిపోయి వచ్చిన ఒకటీ అరా నాణేల కోసమే ఈ వేట. అర డాలర్ రోల్‌లో 20 నాణేలు ఉంటాయి. పెద్ద డబ్బాలో 50 రోల్స్, అంటే వెయ్యి నాణేలు, 500 డాలర్లు. డబ్బా మొత్తం విప్పినా ఒక్కటీ దొరకని రోజులే ఎక్కువని వేటగాళ్లే చెబుతారు. రీల్స్‌లో ఆ రోజులు కనబడవు.

మీ పిల్లలో, అక్క పిల్లలో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే ఒక మాట చెప్పండి. అక్కడ అర డాలర్ రోల్స్ అడిగి తెచ్చుకోవడం చట్టబద్ధమే. నాణెం అంచు చూడమనండి. అంచులో ఎర్రటి రాగి గీత స్పష్టంగా కనిపిస్తే వెండి కాదు. ఐదు సెంట్ల నాణేల్లోనూ 1942 నుంచి 1945 వరకు యుద్ధకాలంలో వేసిన కొన్నింటిలో 35 శాతం వెండి ఉంటుంది. వెనక వైపు భవనం బొమ్మకు పైన పెద్ద అక్షరం ఉంటే అదే.

మన వెండి ఎక్కడికి పోయింది?

ఈ కథ కొంచెం పెద్దది. అయినా చెప్పుకోవాలి, ఎందుకంటే మన రూపాయికీ అమెరికా డాలర్‌కూ మధ్య వెండి రెండుసార్లు అటూ ఇటూ ప్రయాణం చేసింది.

1835లో ఈస్టిండియా కంపెనీ తన పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి తెచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు వంతుల్లో పదకొండు వంతులు వెండి, సుమారు 91.7 శాతం. విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జి బొమ్మలతో వచ్చిన రూపాయలన్నీ ఇదే తూకం. మన పెద్దవాళ్లు రాణి రూపాయి, జార్జి రూపాయి అని పిలిచేవి ఇవే.

మొదటి ప్రపంచ యుద్ధంలో తొలి దెబ్బ తగిలింది. వెండికి కరువొచ్చింది. నోటు పట్టుకొచ్చి రూపాయి ఇమ్మనే జనానికి ఇవ్వడానికి ప్రభుత్వం దగ్గర రూపాయలు అడుగంటాయి. 1917 నవంబరు 30న తొలిసారి ఒక రూపాయి కాగితం నోటు విడుదల చేసింది అందుకే. బేడ, పావలా, అర్ధరూపాయల్లో కూడా వెండికి బదులు రాగి, నికెల్ కలిపిన లోహం ఆ రోజుల్లోనే వచ్చింది. అయినా సరిపోలేదు. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం అని ఒకటి చేసి తన ఖజానాలోని వెండి డాలర్లు 27 కోట్లకు పైగా కరిగించింది. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండిని బ్రిటన్ కొనుక్కుంది, మన దేశంలో రూపాయలు ముద్రించడానికి. మీ ఇంట్లో 1918 నాటి జార్జి రూపాయి ఉంటే, అది అంతకు ముందు అమెరికా డాలర్ అయి ఉండే అవకాశం లేకపోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అసలు మలుపు. యుద్ధమంటే భయపడి జనం వెండి రూపాయలు దాచుకోవడం మొదలుపెట్టారు. 1940లో ప్రభుత్వం రెండు పనులు చేసింది. రూపాయి కాగితం నోటు మళ్లీ తెచ్చింది. రూపాయి నాణెంలో వెండిని సగానికి తగ్గించింది: 50 శాతం వెండి, 40 శాతం రాగి, చెరో 5 శాతం నికెల్, జింకు. ఆ తర్వాత అమెరికా చేయని పని ఒకటి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం చేసింది. పాత మేలిరకం వెండి నాణేలను విక్టోరియావి ముందు, ఎడ్వర్డ్‌వి తర్వాత, జార్జిలవి ఆ తర్వాత వరుసగా వెనక్కి పిలిచి, గడువు దాటితే చెల్లవని ప్రకటించింది. 1940ల మొదటి సగంలోనే ఇదంతా అయిపోయింది.

యుద్ధం చివరి దశలో మళ్లీ అమెరికా వెండి అవసరమైంది. లెండ్ లీజు ఏర్పాటు కింద సుమారు 22.6 కోట్ల ఔన్సుల వెండి మనకు అప్పుగా వచ్చింది. డబ్బు రూపంలో కాదు, వెండిగానే తిరిగి ఇవ్వాలన్నది షరతు. 1957లో గడువు. కాబట్టి సగం వెండి ఉన్న నాణేలను కూడా చలామణిలో తిరగనివ్వడం కుదరలేదు. 1947లో పులి బొమ్మతో స్వచ్ఛమైన నికెల్ రూపాయి వచ్చింది. సగం వెండి నాణేలను వెనక్కి తీసుకుని, కలకత్తాలో శుద్ధి చేసి, ఆ వెండితో అప్పు తీర్చారు.

అంటే స్వాతంత్ర్యం వచ్చాక మన జేబుల్లో తిరగడానికి వేసిన నాణేల్లో వెండి అసలు లేదు. 1950 నాటి అశోక సింహాల రూపాయి నికెల్. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. ఆ తర్వాత అల్యూమినియం, రాగి నికెల్, చివరికి స్టెయిన్‌లెస్ స్టీల్. 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకన్నా చిన్నవి చెల్లకుండా పోయాయి.

నిజాం రాజ్యంలో దారి వేరు. చార్మినార్ బొమ్మతో ఉస్మానియా రూపాయి అక్కడి సొంత నాణెం. 11.18 గ్రాముల బరువు, 81.8 శాతం వెండి. 1940లలో దాన్నీ సగానికి తగ్గించారు. ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు ఇంగ్లిషు రూపాయలు వచ్చేవి. 1959తో ఆ నాణేల చెల్లుబాటు కూడా ముగిసింది.

ఇప్పుడు అర్థమైంది కదా. బ్యాంకు కౌంటర్లో ఎవరైనా పొరపాటున రాణి రూపాయి కట్టబోయినా, క్యాషియర్ దాన్ని తీసుకోకూడదు. చెల్లని నాణెం సంచిలోకి రాదు. రానిది మీకు దొరకదు.

మరి సంచిలో ఏముంటుంది?

మన బ్యాంకుల్లో అమెరికాలోలాగా కాగితం రోల్స్ ఉండవు. నూరేసి నాణేలు పోసిన ప్లాస్టిక్ పొట్లాలో, రిజర్వ్ బ్యాంకు నుంచి వచ్చిన సంచులో ఉంటాయి. కొత్త సంచి అయితే మింటు నుంచి వచ్చిన మెరుపు నాణేలే. పొట్లాలు అయితే పెట్రోలు బంకులు, గుళ్లు, కిరాణా కొట్ల వాళ్లు కట్టినవి. రూపాయి, రెండు రూపాయలు స్టీలు. ఐదు రూపాయలది పసుపు రంగు ఇత్తడి జాతి లోహం. పదిదీ ఇరవైదీ రెండు లోహాల బిళ్లలు.

ఇరవై రూపాయల నాణెం దగ్గర ఒక తమాషా ఉంది. దాని బయటి వలయం 'నికెల్ సిల్వర్' అని ప్రభుత్వ వివరాల్లోనే రాసి ఉంటుంది. దాన్ని పట్టుకుని 'ఇరవై బిళ్లలో వెండి ఉంది' అని చెప్పేవాళ్లూ ఉన్నారు. నికెల్ సిల్వర్ అంటే 65 శాతం రాగి, 20 శాతం నికెల్, 15 శాతం జింకు. వెండి సున్నా. రంగును బట్టి పెట్టిన పేరది, అంతే.

సరదాకి వెతకాలంటే వేరే ఉన్నాయి. సంవత్సరం అంకెల కింద చిన్న గుర్తు చూడండి. అయిదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాద్ మింటుది. 1903లో సైఫాబాద్‌లో మొదలై, 1997లో చర్లపల్లికి మారింది. చుక్క ఉంటే నోయిడా, వజ్రం ఆకారం ఉంటే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. పిల్లలకు వేసవి సెలవుల్లో మంచి కాలక్షేపం. ఖర్చు ఏమీ లేదు, నాణేలు మళ్లీ వాడుకోవచ్చు.

ప్రభుత్వం ఇప్పటికీ వెండి కలిపిన నాణేలు వేస్తుంది, కానీ అవి బ్యాంకుకు రావు. ఎన్టీఆర్ శతజయంతికి వేసిన వంద రూపాయల నాణెం గుర్తుందా? 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. బరువు 35 గ్రాములు. అందులో సగం వెండి, 40 శాతం రాగి, చెరో 5 శాతం నికెల్, జింకు. అచ్చంగా 1940 నాటి జార్జి రూపాయి పాళ్లే! పేరుకు వంద రూపాయలు కానీ మింటు దాన్ని నాలుగు వేల పైచిలుకు ధరకు అమ్మింది. ఎవరూ దానితో పాల ప్యాకెట్ కొనరు కాబట్టి చిల్లరలోకి రాదు.

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన వెండి స్మారక నాణేల్లో తొలిది 1969లో గాంధీ శతజయంతికి వేసిన పది రూపాయలది. 15 గ్రాములు, 80 శాతం వెండి. దాన్ని కొని దాచినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇదైతే మీ ఇంట్లో ఉండొచ్చు.

వెతకాల్సింది ట్రంకు పెట్టెలో

మన వెండి బ్యాంకులో కాదు, ఇళ్లలో ఆగిపోయింది. దేవరాపల్లి మండలం అనంతగిరి కొండలకు ఆనుకుని ఉంది. ఆ కొండల్లోని గిరిజన ఊళ్లలో రూపాయలకు కొలికి పెట్టి గుచ్చిన దండలు ఆడవాళ్ల మెడలో నగలు. మైదానంలో అయితే దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన, బీరువా లాకర్లో పసుపు గుడ్డలో. గడువులోగా బ్యాంకుకు తీసుకెళ్లి మార్చుకోని మన ముత్తవ్వలు, తెలిసో తెలియకో, మంచి పనే చేశారు.

దొరికితే ముందు తూకం వేయించండి. 1862 నుంచి 1939 వరకు తేదీ ఉన్న రూపాయి 11.66 గ్రాములు ఉండాలి. బాగా అరిగితే పదో పరకో తగ్గుతుంది. బరువు చాలా తక్కువగానో ఎక్కువగానో ఉంటే నకిలీ కావచ్చు. రాణి బొమ్మతో కొత్తగా పోసిన నకళ్లు, దీపావళికి అమ్మే లక్ష్మీదేవి బిళ్లలు మార్కెట్లో లెక్కలేనన్ని. బిళ్లలో వెండి ఉండొచ్చు కానీ అది నాణెం కాదు.

రెండో పరీక్ష అయస్కాంతం. అంటుకుంటే వెండి కాదు, ఖాయం. 1947 పులి రూపాయి, 1950 రూపాయి టక్కున అంటుకుంటాయి. అంటుకోకపోతే మాత్రం వెండి అని తేలినట్టు కాదు. రాగి నికెల్ కూడా అంటుకోదు.

ఇప్పుడు లెక్క. రాణి రూపాయిలో వెండి సుమారు 10.7 గ్రాములు. 1940 నుంచి 1945 వరకు తేదీ ఉన్న జార్జి రూపాయిలో 5.8 గ్రాములు. తేడా సగానికి సగం కాబట్టి తేదీ చదవకుండా బేరమాడొద్దు. పాత ఉస్మానియా రూపాయిలో సుమారు 9.1 గ్రాములు. 1969 గాంధీ పది రూపాయల్లో 12 గ్రాములు. ఈ రోజు గ్రాము వెండి ధరతో గుణించండి. గ్రాము వంద రూపాయలు అనుకుంటే రాణి రూపాయి 1,070, యుద్ధకాలపు జార్జి రూపాయి 580, ఉస్మానియా 910, గాంధీ నాణెం 1,200. మీరు చదివే రోజుకు ధర ఎంతుంటే అంత. కొనేవాడు తరుగు తీస్తాడు, అది మామూలే. కానీ 'పాత నాణెం కదా, చెల్లదు, రెండొందలు తీసుకో' అన్నాడంటే లేచి వచ్చేయండి.

నాణెంగా విలువ వేరే సంగతి. మామూలు తేదీల రాణి, జార్జి రూపాయలు కోట్ల సంఖ్యలో ముద్రించారు. వాటికి వెండి ధర మీద కొద్దిగా కలుస్తుంది, లక్షలు రావు. కొన్ని మాత్రం నిజంగా అరుదు. 1939 తేదీ రూపాయి అలాంటిది. 1911 నాటి ఐదో జార్జి రూపాయికి చిత్రమైన కథ ఉంది. రాజు వస్త్రం మీద హారంలోని ఏనుగు పంది లాగా ఉందని గొడవ రేగి, మరుసటి ఏడాదికే బొమ్మ మార్చారు. ఇలాంటివి ఉంటే వెండి దుకాణానికి కాదు, నాణేల సేకర్తల ప్రదర్శనకు తీసుకెళ్లి ఇద్దరు ముగ్గురిని అడగండి. ఇంకో మాట: తళతళలాడేలా చింతపండుతో తోమొద్దు. సేకర్తల దృష్టిలో తోమిన నాణెం విలువ పడిపోతుంది.

నూరేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. విదేశాలకు తీసుకెళ్లకూడదు. సెలవులకు వచ్చిన మనవడి సూట్‌కేసులో ప్రేమగా పెట్టి పంపితే ఎయిర్‌పోర్టులో ఇబ్బంది అతనికే.

మట్టిలో దొరికితే కథ మారుతుంది. పునాది తవ్వుతుంటే కుండ బయటపడిందనుకోండి. 1878 నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాచిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. పది రూపాయలంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ చట్టంలో అంకె అదే. తెలపకుండా పంచుకుంటే జైలు శిక్షకూ వీలుంది. తెలిపితే అంతా పోతుందన్న భయం నిజం కాదు. అసలు యజమాని తేలకపోతే, దొరికినవాడికి మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు అని చట్టమే చెబుతోంది. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. పనివాళ్లకూ, స్థలం యజమానికీ మధ్య గొడవలు వచ్చి విషయం పోలీసుల దాకా వెళ్లేది సాధారణంగా ఈ లెక్క ఎవరికీ తెలియకే.

'మీ నాణేనికి పది లక్షలు'

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ల ఉంటే పది లక్షలు ఇస్తామని ప్రకటన కనిపిస్తుంది. ఆ నాణెం 2012లో చలామణికే వేసింది. దాని విలువ ఐదు రూపాయలు. అయినా మీరు ఫొటో పంపుతారు. అవతలివాడు మీ నాణెం చాలా అరుదైనదని మెచ్చుకుంటాడు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు రెండు వేలు. ఆ తర్వాత జీఎస్టీ. ఆపైన రిజర్వ్ బ్యాంకు అనుమతి పత్రం, దానికో ఫీజు. పత్రం మీద సింహాల ముద్ర, సంతకం అన్నీ ఉంటాయి. కట్టిన కొద్దీ కొత్త ఫీజు పుడుతుంది.

పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తనకు ఏ సంబంధమూ లేదని, ఎలాంటి ఛార్జీలు, కమీషన్లు వసూలు చేయమని ఏ సంస్థకూ వ్యక్తికీ అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటించింది. అమ్మేవాడు మీరు, డబ్బు రావాల్సింది మీకు. మీరే ముందు కట్టాలన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. డబ్బు వాళ్ల ఖాతాలోంచి ఇంకా బయటకు వెళ్లకుండా ఉంటే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

బ్యాంకు 'చిల్లర వద్దు' అంటే

ఇక అసలు సంగతి. సంతలో కూరగాయలు అమ్మే ఆమె దగ్గర సాయంత్రానికి నాలుగైదు వందల చిల్లర పోగవుతుంది. టోకు వ్యాపారి పది బిళ్లలు తీసుకోనంటాడు. ఆటో అతను వద్దంటాడు. బ్యాంకుకు వెళ్తే, 'లెక్కపెట్టే మనిషి లేడు, తర్వాత రా' అంటారు. చివరికి వందకు తొంభై ఇస్తానన్నవాడికి ఇచ్చేస్తుంది. వెండి వేటలో పోయేది టైమే, ఇక్కడ పోతున్నది కష్టార్జితం.

పది రూపాయల నాణెం మీద మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పుకార్లు పాతవే. పది గీతలున్నది అసలు, పదిహేను గీతలున్నది నకిలీ అని ఒకరు, రూపాయి గుర్తు లేనిది చెల్లదని ఇంకొకరు. 2018 జనవరి 17న రిజర్వ్ బ్యాంకు స్పష్టత ఇచ్చింది. అప్పటికి వచ్చిన 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయి. ప్రతి కొత్త సందర్భానికీ కొత్త బొమ్మ వేస్తారు, పాతది రద్దు కాదు. అర్ధరూపాయి కూడా ఇప్పటికీ చెల్లుతుంది, మీరు నమ్మినా నమ్మకపోయినా.

చట్టంలో హద్దు లేకపోలేదు. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకన్నా పెద్ద నాణేలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకే చట్టబద్ధం. అర్ధరూపాయలైతే పది రూపాయల వరకే. అంటే యాభై వేల బండికి మొత్తం చిల్లర పోస్తే షోరూమ్ వాళ్లు కాదనవచ్చు. పేపర్లో ఫొటో వేయించుకోవాలని సంచులు మోసుకెళ్లే కుర్రాళ్లకు ఈ సంగతి తెలిస్తే మంచిది. కానీ ఈ వెయ్యి హద్దు బ్యాంకు డిపాజిట్‌కు వర్తించదు. మీ ఖాతాలో ఎంత చిల్లరైనా బ్యాంకు తీసుకోవచ్చు. అన్ని శాఖలూ నాణేలు తీసుకోవాలి, అడిగినవారికి ఇవ్వాలి అని రిజర్వ్ బ్యాంకు ఆదేశాలు ఉన్నాయి. లెక్కపెట్టే బాధ తప్పించుకోవడానికి దారి కూడా వాళ్లే చెప్పారు. రూపాయి, రెండు రూపాయల నాణేలు తూకం వేసి తీసుకోవచ్చు, లేదా నూరేసి పోసిన ప్లాస్టిక్ పొట్లాలుగా తీసుకోవచ్చు.

కాబట్టి వెళ్లేముందు ఒక్కో రకాన్ని విడిగా నూరేసి పొట్లాలు కట్టుకోండి. నెల మొదటి వారం పింఛన్ల రద్దీ ఉంటుంది, ఆ రోజులు వదిలేసి మధ్యాహ్నం వెళ్లండి. క్యాషియర్ వద్దంటే గొడవ పెట్టుకోకుండా మేనేజర్ దగ్గరకు వెళ్లి, తీసుకోనని కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. ఎక్కువసార్లు పని అక్కడే అయిపోతుంది. నాణేలకు ఛార్జీ అడిగితే ఆ బ్యాంకు ప్రకటించిన ఛార్జీల పట్టికలో ఎక్కడుందో చూపమనండి. అప్పటికీ కాకపోతే బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఫోన్లోనే ఆర్‌బీఐ సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగవచ్చు.

బ్యాంకు వైపు మాట కూడా ఒకటి చెప్పాలి. ఇద్దరు ముగ్గురు సిబ్బందితో నడిచే పల్లె శాఖలో చిల్లర సంచి నిజంగానే భారం. తీసుకున్నది బయటకు పోదు, స్ట్రాంగ్ రూమ్‌లో పేరుకుపోతుంది. పక్క వీధిలోని మెడికల్ షాపుకేమో చిల్లర దొరక్క చాక్లెట్లు చేతిలో పెడుతుంది. నాణెం కొరత కన్నా, ఉన్న నాణెం అవసరమైన చోటికి చేరకపోవడమే మన దగ్గర ఎక్కువ అని నా అభిప్రాయం. 2023లో రిజర్వ్ బ్యాంకు క్యూఆర్ కోడ్‌తో నాణేలిచ్చే యంత్రాలను 12 నగరాల్లో ప్రయోగాత్మకంగా ప్రకటించింది. యూపీఐ చేస్తే నాణేలు రాలుతాయి. ఇలాంటిది ముందు రావాల్సింది నగరంలోని మాల్‌కు కాదు, సంత జరిగే ఊరికి.

అంతవరకు మీరు చేయగలిగింది ఒకటుంది. వెండి కోసం బ్యాంకులో చిల్లర అడగాలని సరదా పుట్టిందా, అడగండి. పది రూపాయల బిళ్లలు రెండు పొట్లాలు తెచ్చుకోండి, నక్షత్రం గుర్తులు చూసుకోండి. చూశాక మళ్లీ బ్యాంకుకు మోయకుండా, కూరగాయల దగ్గరా ఆటోలోనూ వాడేయండి. ఎవరైనా చెల్లవంటే 14440కి ఫోన్ చేయమనండి. పది రూపాయల నాణేల గురించి చెప్పడానికే రిజర్వ్ బ్యాంకు ఆ నంబరు పెట్టింది.